అయిదు గోళీలు, ముగ్గురు విజేతలు

గోళీలాట ఎరగని వాళ్లు మనలో తక్కువ. ఆ ఆటను కొంచెం మార్చి చూద్దాం. ముగ్గురు పిల్లలు అయిదేసి గోళీలు గుప్పిట్లో పట్టుకుని, ఒకే ఎత్తు నుంచి నేల మీదికి వదిలారు. ఎవరి గోళీలు తక్కువగా చెదిరితే వాళ్లు గెలిచినట్టు. గోళీలు దొర్లి దొర్లి ఆగాయి. గెలుపు ఎవరిది?

చూసి చెప్పెయ్యవచ్చు అనిపిస్తుంది. ఒకరి గోళీలు వసారా అంతా పరుచుకుని, మరొకరివి అరచేయంత చోటులో ఉంటే చెప్పవచ్చు కూడా. కాని ముగ్గురివీ ఇంచుమించు ఒకేలా చెదిరితే? తగవు తప్పదు. ఆ తగవు తీరాలంటే "చెదరడం" అనే దాన్ని ఒక సంఖ్యగా మార్చాలి. ఎలా మారుస్తారు? మీకు తోచిన పద్ధతులన్నీ చెప్పండి.

ఈ ప్రశ్న జపాన్‌లో పుట్టింది. షిగేరు షిమాదా అనే గణిత విద్యావేత్త, ఆయన సహచరులు 1971 నుంచి 1976 వరకు ఒక పరిశోధన చేశారు. సూత్రాలు బట్టీపట్టే శక్తిని పరీక్షలు కొలుస్తున్నాయి, ఆలోచించే శక్తిని కొలవడం ఎలాగన్నది వాళ్ల సమస్య. అందుకని ఒకే సమాధానం లేని ప్రశ్నలు తయారు చేసి, పిల్లలకు ఇచ్చి చూశారు. తమాషా ఏమిటంటే, పరీక్షలకని తయారు చేసిన ఈ ప్రశ్నలు పాఠాలు చెప్పడానికే ఎక్కువ బాగా పనికివచ్చాయి. 1977లో ఆ అనుభవాలు జపనీస్ భాషలో పుస్తకంగా వచ్చాయి, 1997లో అమెరికాలో ఆంగ్లంలోకి వచ్చాయి. గోళీల ప్రశ్న అందులో అందరికీ గుర్తుండిపోయిన ఉదాహరణ.

ఇలాంటి ప్రశ్నలను ఆంగ్లంలో ఓపెన్ ఎండెడ్ ప్రశ్నలంటారు. మనం వివృత ప్రశ్నలు అందాం. ఇంటర్మీడియట్‌లో వివృతాంతరం, సంవృతాంతరం చదువుకున్న వాళ్లకు ఈ మాట కొత్త కాదు. సంవృతాంతరం రెండు కొసలా మూసి ఉంటుంది, మన పాఠ్యపుస్తకాల్లోని ప్రశ్నల్లాగే.

గ్రాఫు కాగితం మీద గోళీలు

ఒక గ్రాఫు కాగితం తీసుకోండి. ఆటగాళ్లను ఎ, బి, సి అందాం. ఈ అమరికలు నేను వేసుకున్నవి, ప్రశ్న మాత్రం షిమాదా బృందానిదే.

ఎ గోళీలు అయిదూ ఒకే వరసలో, మూడేసి సెంటీమీటర్ల ఎడంతో ఆగాయి. మొదటి దానికీ చివరి దానికీ మధ్య దూరం 12 సెంటీమీటర్లు. బి గోళీల్లో నాలుగు, 6 సెంటీమీటర్ల భుజం ఉన్న చతురస్రం మూలల్లో ఆగాయి, అయిదవది సరిగ్గా నడిమధ్యన. సి గోళీల్లో నాలుగు, 2 సెంటీమీటర్ల చిన్న చతురస్రం మూలల్లో ఒద్దికగా ఉన్నాయి. అయిదవది మాత్రం జారిపోయి, ఆ చతురస్రం కుడి భుజం మధ్యబిందువు నుంచి సూటిగా 9 సెంటీమీటర్ల అవతల ఆగింది.

తరగతిలో ముందు వచ్చే సమాధానం సాధారణంగా ఇది: "అన్నిటికన్నా దూరంగా ఉన్న రెండు గోళీల మధ్య దూరం కొలుద్దాం." కొలిస్తే ఎకు 12, బికి చతురస్రం కర్ణం కనుక సుమారు 8.5, సికి సుమారు 11. బి గెలిచాడు.

మరొకరు ఒప్పుకోరు. "గోళీలు ఎంత చోటు ఆక్రమించాయో చూడాలి" అంటారు. అంటే బయటి గోళీలను కలిపితే వచ్చే ఆకారం వైశాల్యం. బిది 36 చదరపు సెంటీమీటర్లు. సిది చతురస్రం 4, దాని పక్కన ముక్కులా పొడుచుకొచ్చిన త్రిభుజం 9, మొత్తం 13. ఎ గోళీలు ఒకే గీత మీద ఉన్నాయి, గీతకు వైశాల్యం ఉండదు. సున్నా! ఎ గెలిచాడు. నేల మీద అందరికన్నా పొడుగ్గా పరుచుకున్న వాడు విజేత అయ్యాడు. ఈ పద్ధతిలో ఏదో లోపముందని ఎవరూ చెప్పనక్కర లేదు, ఆ సున్నాయే చెబుతుంది.

"అయితే వైశాల్యం వద్దు, చుట్టుకొలత తీద్దాం" అని ఇంకొకరు. ఇక్కడ బి దగ్గర చిక్కు వస్తుంది. అయిదు గోళీలనూ కలపాలంటే నడుమ ఉన్న దాన్ని ఏ రెండిటి మధ్యకు తేవాలి? ఒక్కొక్కరు ఒక్కో విధంగా కలుపుతారు, ఒక్కొక్కరికి ఒక్కో చుట్టుకొలత వస్తుంది. ఒకే అమరికకు రెండు జవాబులిచ్చేది కొలత ఎలా అవుతుంది? కాసేపు గొడవ పడ్డాక ఎవరో ఒకరు "గోళీల చుట్టూ రబ్బరు బ్యాండు వేసి బిగిస్తే?" అంటారు. బాగుంది, అప్పుడు లోపలి గోళీతో పేచీ లేదు. బి రబ్బరు బ్యాండు పొడవు 24. ఎది పోను 12, రాను 12, అదీ 24. సిది లెక్క కట్టండి: చతురస్రం మూడు భుజాలు 6, వాలుగా ఉన్న రెండు గీతలు ఒక్కొక్కటి సుమారు 9.05, మొత్తం 24.1. ముగ్గురూ ఇంచుమించు సమానం. చూస్తే ఒకదానికొకటి పోలికే లేని మూడు అమరికలకు ఈ కొలత తేడా చూపించలేకపోయింది.

ఇక సి తరఫు వకీలు లేస్తాడు. "నా గోళీలు నాలుగు గుప్పెడు చోటులో ఉన్నాయి. ఒక్కటి జారినందుకు ఓడిస్తారా? ఏవైనా నాలుగు గోళీలు పట్టే అతి చిన్న వృత్తం గీయండి." గీస్తే సి వృత్తం వ్యాసార్ధం 1.4, బిది 4.2, ఎది 4.5. సి గెలిచాడు, అదీ భారీ తేడాతో.

మూడు పద్ధతులు, ముగ్గురు విజేతలు. దీన్నిబట్టి ఏ జవాబైనా సరేనని అనుకోకూడదు. వివృత ప్రశ్న అంటే నోటికొచ్చింది చెప్పడమే అని కొందరు ఉపాధ్యాయులు చిన్నచూపు చూస్తారు, అది పొరపాటు. ప్రతి పద్ధతినీ మిగతా పిల్లలు గుచ్చి గుచ్చి పరీక్షిస్తారు. గోళీలన్నీ ఒకే చోట ఉంటే సున్నా వస్తుందా? దూరాలన్నీ రెట్టింపయితే కొలత కూడా పెరుగుతుందా? అమరికను తిప్పితే జవాబు మారకూడదు కదా? ఎవరూ చెప్పకుండానే పిల్లలు ఒక మంచి కొలతకు ఉండాల్సిన నియమాలను తయారు చేస్తుంటారు. అది అచ్చంగా గణితం. ఆ మాటకొస్తే, పాఠ్యపుస్తకం చివర జవాబులతో సరిచూసుకోవడం కన్నా ఎక్కువ గణితం.

ఈ దారి ఎక్కడికి పోతుందో చూడండి. ఇంకొక విద్యార్థి "గోళీలన్నిటికీ నడిమి బిందువు ఒకటి కనుక్కుని, అక్కడి నుంచి ప్రతి గోళీ ఎంత దూరంలో ఉందో చూసి సగటు తీద్దాం" అన్నాడనుకోండి. నడిమి బిందువంటే నిరూపకాల సగటు. అలా చేస్తే బికి 3.39, సికి 3.43, ఎకు 3.6 వస్తాయి. బి, సి నువ్వా నేనా అన్నట్టున్నారు. దూరాలను వర్గం చేసి కలిపితే బికి 72, సికి 88, ఎకు 90. ఇప్పుడు తేడా స్పష్టంగా కనిపిస్తోంది. సి మొత్తం 88లో 64 ఆ జారిపోయిన ఒక్క గోళీ నుంచే వచ్చింది. వర్గం చేయడం వల్ల దూరంగా పోయిన వాటికి శిక్ష ఎక్కువ పడుతుందన్న మాట.

ఇంటర్మీడియట్ విద్యార్థులు ఈపాటికి గుర్తుపట్టి ఉంటారు. ఇవి విస్తరణ కొలతలు: వ్యాప్తి, మధ్యమ విచలనం, ప్రామాణిక విచలనం. పుస్తకంలో ఇవి సూత్రాల రూపంలో వరసగా దిగుతాయి. వర్గం ఎందుకు చేయాలో, చేసి మళ్లీ వర్గమూలం ఎందుకు తీయాలో తెలియకుండానే లెక్కలు చేసి మార్కులు తెచ్చుకుంటాం. గోళీల తగవు తీర్చిన పిల్లవాడికి ఆ సూత్రం ఎదురైతే, అది తను వెతుకుతున్న వస్తువే.

ముగ్గు చుక్కలు

గోళీల ప్రశ్నకు జవాబులు అనేకం. ఇంకో రకం వివృత ప్రశ్నలున్నాయి. వాటికి జవాబు ఒక్కటే, చేరే దారులు అనేకం. దీనికి ఉదాహరణ కోసం జపాన్ దాకా వెళ్లక్కర లేదు, ధనుర్మాసంలో మన వాకిళ్లలోనే ఉంది.

"ఏడు చుక్కలు, సందు చుక్క, నాలుగు వచ్చేవరకు." ముగ్గులు వేసే వాళ్లకు ఈ మాట చాలు. మధ్య వరసలో 7 చుక్కలు, దానికి పైనా కిందా చుక్కల సందుల్లో 6, ఆపైన 5, చివరికి 4. మొత్తం షడ్భుజి ఆకారం. ఇందులో ఎన్ని చుక్కలున్నాయి? అసలు ప్రశ్న అది కాదు, ఎలా లెక్కపెట్టారన్నది.

ఒకసారి ఒక జిల్లాపరిషత్ హైస్కూల్లో ఎనిమిదవ తరగతి పిల్లల ముందు నల్లబల్ల మీద ఈ చుక్కలు పెట్టి, ఏమీ అడగకుండా ఊరుకున్నాను. కాసేపటికి "ముగ్గా?" అన్నారు. "అవును. ఒక్కొక్క చుక్కా వేలు పెట్టి లెక్కపెట్టకుండా ఎన్నున్నాయో చెప్పండి, ఎలా చూశారో కూడా చెప్పండి" అన్నాను. ముందు బెంచీల వాళ్లు వరసలు కూడారు: 4, 5, 6, 7, 6, 5, 4, మొత్తం 37. ఒకబ్బాయి మధ్య వరసను పక్కన పెట్టి, మిగతాది 15కు రెట్టింపు, దానికి 7 కలిపితే సరి అన్నాడు. ఇంకొకరు నడిమి చుక్క నుంచి మొదలుపెట్టి ఉంగరాలుగా చూశారు: 1, దాని చుట్టూ 6, దాని చుట్టూ 12, ఆపైన 18.

చివరి బెంచీలో ఒకమ్మాయి చేయి సగం ఎత్తి దించేసింది. రెండోసారి అడిగితే లేచి "ఆరు రేకుల పువ్వు" అంది. వెనక నుంచి నవ్వులు వినిపించాయి. బల్ల దగ్గరికి వచ్చి చూపించమన్నాను. నడిమి చుక్కను వదిలేసి, మిగిలిన చుక్కలను ఆరు చిన్న త్రిభుజాలుగా చుట్టేసింది. ఒక్కో రేకులో 1, 2, 3, మొత్తం 6 చుక్కలు. ఆరు ఆర్లు ముప్పయ్యారు, నడిమిది ఒకటి, ముప్పయ్యేడు. అప్పటిదాకా కూడికలు చేస్తున్న తరగతిలో గుణకారం మొదట తెచ్చింది ఆ అమ్మాయే. "తొమ్మిది చుక్కలు, అయిదు వచ్చేవరకు అయితే?" అని అడిగాను. వరసలు కూడుతున్న వాళ్లు ఇంకా కూడుతుండగానే "రేకులో పది, అరవయ్యొకటి" అనేసింది. క్వార్టర్లీ పరీక్షలో ఆ అమ్మాయికి లెక్కల్లో వచ్చినవి యాభైకి తొమ్మిది మార్కులని తర్వాత ఉపాధ్యాయులు చెప్పారు. ఆ తొమ్మిది మార్కులు ఏం కొలిచాయో నాకు ఇప్పటికీ బోధపడదు.

ఈ ముగ్గులో ఇంకో చూపు ఉంది. దాన్ని పిల్లలెవరూ చెప్పలేదు, నాకూ ఎవరో చూపించేదాకా తెలియదు. రూబిక్ క్యూబును ఒక మూల మీ కంటికి ఎదురుగా వచ్చేలా పట్టుకోండి. మూడు ముఖాలు కనిపిస్తాయి, మొత్తం మీద ఆకారం షడ్భుజిలా ఉంటుంది. అలా కనిపించే చిన్న ఘనాలు ఎన్ని? 3×3×3 క్యూబులో మొత్తం 27. కనిపించనివి వెనక దాగిన 2×2×2, అంటే 8. కనిపించేవి 19. ఇది "అయిదు చుక్కలు, మూడు వచ్చేవరకు" ముగ్గు: 3, 4, 5, 4, 3. భుజానికి నాలుగేసి ఘనాలున్న క్యూబయితే 64లోంచి 27 తీసేస్తే 37. మన ఏడు చుక్కల ముగ్గు ఇదే! కాబట్టి 1, 7, 19, 37 చుక్కల ముగ్గులను ఒకదాని మీద ఒకటి దొప్పల్లా తొడిగితే పూర్తి ఘనం తయారవుతుంది. కూడి చూడండి, 64. వాకిట్లో చదునుగా ఉన్న బొమ్మలో ఘనం దాక్కుని ఉందన్న మాట.

సంఖ్యలను ఇలా పేర్చి చూడడం మన దేశంలో కొత్త సంగతి కాదు. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో 1, 3, 6, 10... అనే సంఖ్యల మొత్తానికి ఉన్న పేరు "చితిఘనం", అంటే పేర్చిన గుట్ట ఘనపరిమాణం. పేరులోనే బొమ్మ ఉంది. దాదాపు వెయ్యేళ్ల తర్వాత కేరళలో నీలకంఠ సోమయాజి ఆ గ్రంథానికి భాష్యం రాస్తూ, శ్రేఢుల మొత్తాలకు సూత్రాలు ఎందుకు నిజమో ముక్కలు పేర్చి జోడించే పద్ధతిలో వివరించాడు. 1 నుంచి 10 వరకు మెట్లలా ఇటుకలు పేర్చండి. అలాంటిదే ఇంకొకటి తలకిందులుగా దాని మీద బోర్లిస్తే 10, 11 భుజాలున్న దీర్ఘచతురస్రం వస్తుంది. సగం 55. ఈ ఉపపత్తికి అక్షరం ముక్క అక్కర లేదు.

బొమ్మ మోసం చేసినప్పుడు

బొమ్మలను ఇంతగా పొగిడాక ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. నేను డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉండగా జరిగింది ఇది. అధ్యాపకుడు బల్ల మీద వృత్తం గీసి, పరిధి మీద రెండు బిందువులు పెట్టి కలిపారు. వృత్తం 2 ముక్కలయింది. మూడు బిందువులు పెట్టి అన్నిటినీ ఒకదానితో ఒకటి కలిపితే 4 ముక్కలు. నాలుగు బిందువులకు 8, అయిదుకు 16. "ఆరు బిందువులకు?" అన్నారు. నేను గీయకుండానే 32 అని అరిచాను. ఆయన అవుననలేదు, కాదనలేదు, "గీయండి" అన్నారు.

మీరూ గీయండి. గీసే తరగతిలో మూడు జవాబులు వస్తాయి. గీయని వాళ్లది 32. జాగ్రత్తగా గీసిన వాళ్లలో కొందరికి 31, మరికొందరికి 30. పొరపాటుగా లెక్కపెట్టారేమోనని ఒకరి కాగితం ఒకరు లాక్కుంటారు. చివరికి తేలేదేమిటంటే 30 వచ్చిన వాళ్లు బిందువులను సమాన దూరాల్లో పెట్టారు. అప్పుడు ఎదురెదురు బిందువులను కలిపే మూడు జ్యాలు కేంద్రం దగ్గర ఒకే చోట కలుస్తాయి. బిందువులను కొంచెం జరిపితే ఆ ఖండన బిందువు మూడుగా విడిపోయి, మధ్యలో ఒక చిన్న త్రిభుజం పుట్టుకొస్తుంది. 30 కాస్తా 31 అవుతుంది. 32 మాత్రం ఎలా గీసినా రాదు.

ఎందుకు రాదు? ఇక్కడ చూడడం ఆగి, ఆలోచించడం మొదలవ్వాలి. కొత్తగా ఒక జ్యా గీసినప్పుడు, అది దారిలో ఎన్ని జ్యాలను ఖండిస్తే అంతకు ఒకటి ఎక్కువ ముక్కలు కొత్తగా వస్తాయి. కాబట్టి మొత్తం ముక్కలు = 1 + జ్యాల సంఖ్య + ఖండన బిందువుల సంఖ్య. ఆరు బిందువుల్లోంచి రెండేసి ఎన్నుకుంటే జ్యాలు 15. ఒక్కో ఖండన బిందువుకు రెండు జ్యాలు, అంటే నాలుగు కొసలు కావాలి. ఆరింట్లో నాలుగేసి ఎన్నుకుంటే 15. మొత్తం 1 + 15 + 15 = 31. ఏడు బిందువులకు 57. రెట్టింపు ముచ్చట అక్కడితో సరి. అయితే పది బిందువులకు లెక్క కట్టి చూడండి: 1 + 45 + 210 = 256. రెండు ఘాతం మళ్లీ ఒకసారి తొంగి చూసి పోతుంది!

వృత్తంలో ముక్కల ప్రశ్నను ఏ తరగతిలోనైనా తప్పక ఇవ్వాలని నా అభిప్రాయం. బొమ్మ చూసి నమూనా పట్టుకోవడం నేర్చుకున్న పిల్లలకు, ఆ నమూనా ఎందుకు నమ్మకూడదో కూడా తెలియాలి. ఉపపత్తి అంటే పుస్తకంలో "నిరూపించుము" అన్నారు కాబట్టి రాసేది అనుకునే వాళ్లకు, అది నిజంగా అవసరమైన చోటు ఇదొక్కటి చూపిస్తే చాలు.

నలభై అయిదు నిమిషాలు, అరవై మంది

ఇవన్నీ బాగానే ఉన్నాయి, సిలబస్ ఎప్పుడు పూర్తవుతుందని ఉపాధ్యాయులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. జపాన్ వాళ్లకూ సిలబస్ ఉంది. 1994-95లో జపాన్, జర్మనీ, అమెరికా దేశాల్లో 231 ఎనిమిదవ తరగతి గణిత పాఠాలను వీడియో తీసి పోల్చారు. పిల్లలు తమంతట తాము పని చేసుకునే సమయంలో, కొత్త పద్ధతులు ఆలోచించడానికి జపాన్‌లో సుమారు 44 శాతం పోయింది, అమెరికాలో 1 శాతం లోపే. దీన్ని చెప్పేవాళ్లు రెండో అంకెను తరచు వదిలేస్తారు: జపాన్‌లోనూ సుమారు 41 శాతం సమయం మామూలు అభ్యాసానికే పోయింది. ఎక్కాలు రాకుండా ముగ్గులో ఆరు ఆర్లు ఎవరికీ కనిపించవు.

ఆ పాఠాల్లో ఉపాధ్యాయుడు ఏం చేస్తాడన్నది గమనించదగ్గది. బొమ్మ చూపించి, ప్రశ్న అడిగి, తప్పుకుంటాడు. పిల్లలు ఎవరి కాగితం మీద వాళ్లు కుస్తీ పడుతుంటే బెంచీల మధ్య తిరుగుతూ, ఎవరికి ఏ ఆలోచన వచ్చిందో మనసులో గుర్తు పెట్టుకుంటాడు. తర్వాత బల్ల దగ్గరికి పిలిచేది చేతులెత్తిన వరసలో కాదు. మామూలు పద్ధతి ముందు, అరుదైనది చివర. పొరపాటున్న పద్ధతిని కూడా కావాలనే పిలుస్తాడు. బల్ల మీద రాసినది ఏదీ చెరపడు, అన్నీ పక్కపక్కనే ఉంటేనే పోల్చడానికి వీలు. ఆ తర్వాత జరిగే చర్చకు జపనీస్‌లో "నెరియాగె" అని పేరు, అంటే మట్టినో పిండినో బాగా పిసికి ముద్ద చేయడం. విడివిడిగా ఉన్న ఆలోచనలు ఆ పిసకడంలో ఒకటవుతాయి. పిండి కలిపే వాళ్లకు తెలుసు, ఈ పనిలో తొందర కుదరదు.

మన తరగతి గదుల్లో అరవై మంది ఉన్న చోట ఇది అంత సులువు కాదు. గోల అవుతుంది. నా సలహా ఏమిటంటే మొదటి అయిదు నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదనే నియమం పెట్టాలి. లేకపోతే ముందు బెంచీ వాళ్ల జవాబే తరగతి జవాబు అయిపోతుంది. తర్వాత పక్కవాళ్లతో, ఆపైన అందరితో. రోజూ అక్కర లేదు, పాఠానికి ఒకటి చాలు. ప్రశ్న ఎంపిక ముఖ్యం. "ఈ బొమ్మలో గణితం ఏముంది?" లాంటి ప్రశ్న మరీ వదులు, దానికి జవాబులు కూడా అలాగే వస్తాయి. గోళీల ప్రశ్నలో ఎవరు గెలిచారో తేలాలన్న పట్టు ఉంది, ఆ పట్టే తరగతిని నడిపిస్తుంది. చూపు లేని పిల్లలున్న చోట చుక్కలకు బదులు చింతపిక్కలు పేర్చి వేళ్లతో తడిమి చూడనివ్వవచ్చు. చూపున్న పిల్లలకూ అదే బాగుంటుంది.

2005 జాతీయ విద్యాప్రణాళిక చట్రం కోసం ఎన్.సి.ఇ.ఆర్.టి. నియమించిన గణిత బృందం, మన గణిత బోధనలోని సమస్యల్లో పిల్లల భయాన్ని, ఓడిపోయామన్న భావాన్ని మొట్టమొదట పేర్కొంది. మన సిలబస్ వెనకబడిన ఎక్కువ మందినీ, చురుకైన కొద్దిమందినీ కూడా ఒకేసారి నిరాశపరుస్తోందని అంది. సంవృత ప్రశ్నతో జరిగేది అదే. చేయగలిగిన వాడు రెండు నిమిషాల్లో ముగించి కిటికీలోంచి చూస్తుంటాడు, చేయలేని వాడు మొదలే పెట్టడు. గోళీల దగ్గర ఆరవ తరగతి పిల్లవాడు స్కేలుతో మొదలుపెట్టవచ్చు, ఎమ్మెస్సీ చదివిన వాళ్లకూ పని మిగిలే ఉంటుంది.

పన్నెండు పుల్లలు

ఇక మీ వంతు. 12 అగ్గిపుల్లలు తీసుకోండి. పుల్ల పొడవు ఒక యూనిట్ అనుకుందాం. అన్నిటినీ వాడి, విరవకుండా, ఒకదాని మీద ఒకటి పెట్టకుండా ఒక మూసిన ఆకారం చేయాలి. చుట్టుకొలత ఎప్పుడూ 12. వైశాల్యం?

3×3 చతురస్రం అయితే 9, 4×2 అయితే 8, 5×1 అయితే 5. చతురస్రంలో ఒక మూల గడిని లోపలికి నొక్కండి: పుల్లలు అవే, వైశాల్యం 8. ఇంకో మూల నొక్కితే 7. మూడు మూలలకు 6, నాలుగూ నొక్కితే ప్లస్ గుర్తు, 5. నాలుగు కావాలంటే? గడుల లెక్కలో కుదరదు. నాలుగు చదరపు గడులను ఎలా కలిపినా చుట్టుకొలత 10 దాటదు.

కాని చతురస్రాన్నే చేత్తో పక్కకు తోసి చూడండి. సమచతుర్భుజమై వాలుతూ వాలుతూ చివరికి నేలకు కరుచుకుంటుంది. వైశాల్యం 9 నుంచి సున్నా దాకా ఎక్కడా తెగకుండా దిగింది కనుక, దారిలో 4ను ఎక్కడో దాటే ఉండాలి. ఎంత ఎత్తు దగ్గర? పెద్ద వైపు ప్రయాణం ఇంకో దారి. పన్నెండు పుల్లలనూ గుండ్రంగా పన్నెండు భుజాల ఆకారంగా పేరిస్తే 11 దాటుతుంది, అంతకు మించి రాదు.

నాలుగుకు ఇంకో దారి ఉంది, అందులో వాల్చడం లేదు. 3, 4, 5 పుల్లల భుజాలతో లంబకోణ త్రిభుజం చేయండి, వైశాల్యం 6. దాని లంబకోణం మూల దగ్గర మూడు పుల్లలను మాత్రమే కదిపి 4 తేవాలి.